కట్టు కోసం ఎమ్మిగనూరు దారి పట్టేవాళ్ళకు నా మాట

నా పేరు ఉరుకుందమ్మ. వయసు డెబ్బై దాటింది. ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీ వాళ్ళు వేసుకున్నదే, నేను చెప్పింది కాదు. ఉండేది ఆదోనిలో. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, ఒక మేక. చదువు రాదు. చేతుల్లో బలం ఉన్నన్నాళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో పని చేశాను. పైన పొడి పత్తి పెట్టి లోపల నీళ్ళు చల్లి తెచ్చేవాళ్ళను చూసీ చూసీ, ఎవరు ఏం చెప్పినా ముందు చెయ్యి లోపలికి పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. నేను చెప్తుంటే ఇది ఫోనులో రాసింది మా వీధిలో బట్టలు కుట్టే రసూల్‌బీ. నా మాటను ఆమె పుస్తకాల తెలుగులోకి సర్దింది. ఎదుటివాళ్ళ మాటలు మాత్రం వాళ్ళు అన్నట్టే పెట్టమన్నాను, మార్చితే ఊరుకోనన్నాను.

ఎమ్మిగనూరు దాటి కోడుమూరు వైపు పోయే రోడ్డులో ఒక పల్లె ఉంది. అక్కడ సుంకమ్మ అనే ఆమె కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు కట్టు కడుతుంది. కట్టంటే పసుపు దారం. మణికట్టుకు కట్టించుకున్న మనిషి అమావాస్య దాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే పట్టిన గాలి తల్లినీ బిడ్డనూ వదలదంటారు. నా మనవరాలు ఆ కట్టు వల్లనే బతికిందని ఇప్పుడు చుట్టుపక్కల చెప్పుకుంటున్నారు. దేవనకొండ నుంచి, చిప్పగిరి నుంచి కూడా మనుషులు ఆదోనికి వచ్చి నా గడప దగ్గర నిలబడి దారి అడుగుతున్నారు. దారి చెప్తాను. కానీ ఆ పొద్దు ఏం జరిగిందో విన్నాకనే బస్సెక్కండి.

నా మనవరాలు సావిత్రి నా కూతురి బిడ్డ. కూతురు పోయాక నేనే పెంచాను. ఆ పల్లెకే ఇచ్చాము. మొగుడు బెంగుళూరులో బిల్డింగు పనికి పోయాడు. ఇంట్లో తనూ అత్త నాగమ్మా ఇద్దరే. ఏడో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం ఫోను చేసింది.

"అవ్వా, కండ్ల ముందర మిణుగురుల మాదిరి మెరుస్తాండాయి. తల పగిలిపోతాంది."

"ఆసుపత్రికి పోయినావా?"

"అత్త సుంకమ్మతో కట్టు కట్టిచ్చింది. గాలి సోకిందంట. అమావాస్య దాంక పొలిమేర దాటకూడదంట."

"అంట, అంట! ఎవురంటే వాళ్ళ నోట్లో మన్ను పొయ్యి!" అన్నాను. అవతల ఫోను పెట్టేసింది. ఆ పిల్ల ఎప్పుడూ నా మాట మధ్యలో ఫోను పెట్టదు. పక్కన ఎవరో ఉన్నారని అనుమానం పుట్టింది. తెల్లవారి బుధవారం. కొడుకుతో కూడా చెప్పకుండా బయలుదేరాను.

ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సులు పొద్దున్నుంచే ఉంటాయి. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపించాలి. గంటసేపు ప్రయాణం. రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి, పత్తి తీసే మంచి కాలం. నాకు మాత్రం చేలు చూసే మనసు లేదు. నాగమ్మ ఆ పిల్లను ఎందుకు దాస్తోంది, సుంకమ్మకు ఇందులో ఏం దక్కుతుంది, ఇవే తిరుగుతున్నాయి తలలో. ఎమ్మిగనూరులో దిగి, బస్టాండు బయట బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ముప్పై రూపాయలు. బండామె బజ్జీలు వేస్తూనే నన్ను పైకీ కిందికీ చూసి, "సుంకమ్మ దగ్గరికా పెద్దమ్మా?" అంది.

"నీకెట్ల తెలుసు?"

"ఈ పక్క దిగే ముసలోళ్ళు సగం మంది ఆడికే. మా వదినకు కట్టిచ్చినాం. మొగపిల్లోడు, రాయి మాదిరి పుట్టినాడు."

"కట్టకుంటే యా మాదిరి పుడుతుండె?"

ఆమె గరిటె ఆపి, "అది చూసినోళ్ళు ఎవురు పెద్దమ్మా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆటో స్టాండులో ఖాజా అనే అతను కూడా అడక్కుండానే ఆ పల్లె పేరు చెప్పి కూర్చోమన్నాడు. షేరింగు అయితే ఇరవై. ఈ బండామెకూ ఈ ఆటోకూ సుంకమ్మ వాటా ఇస్తుందని గట్టిగా అనుకున్నాను. ఖాజాను మొహం మీదే అడిగాను.

"వాటానా?" అన్నాడు. "అవ్వా, వాటా ఉంటే నా ఆటోకు స్టెప్నీ టైరన్నా ఉంటుండె. నువ్వే చూడు, ఉందా?" లేదు. అయినా నమ్మలేదు. దిగేటప్పుడు అతని నంబరు మాత్రం నా ఫోనులో వేయించుకున్నాను.

నాగమ్మ గడపలోనే కూర్చొని కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట కింద పెట్టింది.

"చెప్పకుండా వచ్చినావే పెద్దమ్మా."

"చెప్తే తలుపేసుకుంటావని."

సావిత్రి లోపల చాప మీద పడుకొని ఉంది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. పాదాలు నొక్కితే గుంట పడి అట్లాగే ఉంది. గాజులు చేతికి కరుచుకుపోయాయి. వాటి కింద ఆ పసుపు దారం చర్మంలోకి దిగబడి ఉంది. వెలుతురు కళ్ళలో పడితే నొప్పి అని కిటికీకి గుడ్డ కట్టారు. ఊళ్ళో ఆశా కార్యకర్త రెండుసార్లు వస్తే, పిల్ల పుట్టింటికి పోయిందని నాగమ్మ చెప్పి పంపిందట. ఆ మాట సావిత్రే చెప్పింది. వాపు మామూలేనని, కళ్ళలో మెరుపులే గాలి అని కూడా నాగమ్మ అందట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చేతికి నీరు పడితే మామూలా, కంట్లో మెరుపు పడితే దయ్యమా? ఏం లెక్క నాగమ్మా ఇది? పిల్లను సంపుతాండావు!"

నేను అరిచాను. చాలాసేపు అరిచాను. వీధిలో ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నా గొంతు ఆరిపోయాక, నాగమ్మ మెల్లగా అంది.

"మా లక్ష్మికి కూడా ఇట్లే కట్టు కట్టిచ్చినాము పెద్దమ్మా. నా మొగుడు నీ మాదిరే అరిసినాడు. దారం తెంచి పారేసి, బండిలో ఏసుకొని పాయ. పొలిమేర దాటిన్నాక దారిలోనే నా బిడ్డ పానం పాయ."

లక్ష్మి ఆమె కూతురు. కాన్పులో పోయిందని నాకు తెలుసు. ఎట్లా పోయిందో తెలియదు.

"అప్పటికే ఆలస్యమై ఉంటాది," అన్నాను.

"నువ్వు యాడుంటివి ఆ పొద్దు?"

ఆమె కోడలిని దాచింది నిజమే, కానీ దాచింది చంపడానికి కాదు. సరే, ఈమెతో పనేముంది, పిల్లను రెక్క పట్టుకొని లేపుదామని లోపలికి పోతే, సావిత్రి గోడకు ఒరిగి నా చెయ్యి తోసేసింది.

"నేను రాను అవ్వా. నాకేమన్నా అయితే కానీలే. బిడ్డకేమన్నా అయితే, నేను పొలిమేర దాటినందుకే అయిందని బతికినన్నాళ్ళు అనుకోవాలి."

నేను పెంచిన పిల్ల. దయ్యాలు లేవని నా ఒళ్ళో కూర్చోబెట్టుకొని చెప్పిన పిల్ల. అప్పుడు అర్థమైంది, ఆ గడప దాటించే శక్తి ఆ ఊళ్ళో ఒక్క మనిషికే ఉందని. సుంకమ్మ ఎక్కడుంటుందని అడిగి, ఆ చేనికి నడిచాను.

జుట్టు విరబోసుకొని, నుదుటి నిండా కుంకుమ పెట్టుకున్న మనిషిని ఊహించుకుంటూ పోయాను. తలకు తువ్వాలు చుట్టుకొని, కొంగును ఒడిగా కట్టుకొని, పత్తి తీస్తూ కనిపించింది. యాభై ఏళ్ళుంటాయేమో. పత్తికాయ మొనలు గీరుకొని వేళ్ళన్నీ చారలు. నా అనుమానం ఇంకా పెరిగింది. దొంగ దొంగలాగా కనిపించకపోతేనే ఎక్కువ భయపడాలి.

"నువ్వేనా సుంకమ్మ?"

"నేనే. ఈ పొద్దు బుధవారం. అమ్మ పలికేది మంగళవారం, శుక్రవారం."

"అమ్మతో నాకు పన్లేదు, నీతోనే."

"యా ఊరు మీది?"

"అది నువ్వే సెప్పాల కదా, నన్నడుగుతావేంది?"

ఆమె పకపకా నవ్వింది. "నాకేం తెలుసు? అడిగితేనే తెలిసేది. నువ్వు నమ్మవని మాత్రం నీ మొగంలోనే కనపడతాంది. దానికి అమ్మ పలకాల్సిన పన్లేదు."

"ఏం తీసుకుంటావు కట్టుకు?"

"టెంకాయ, ఆకువక్క. నీ పేరేంది?"

చెప్పాను. "ఉరుకుంద దేవుడి పేరు పెట్టుకోని ఈ మాటలా!" అంది.

"పేరు మా నాయన పెట్టినాడు. నేను అడగలే."

సావిత్రి మొహం ఎట్లుందో, చేతులు ఎట్లున్నాయో చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. "నేను కట్టిన పొద్దు ఇంత వాపు లేదే," అంది. "నర్సమ్మకు కూడా చూపిచ్చమని నాగమ్మకు చెప్తిని."

"మరి ఎందుకు చూపీలేదు?"

"నా మాట ఎవురింటారు? అమ్మ పలికిందే ఇంటారు. నేను సుంకమ్మను, కూలి మనిషిని."

నాకు దారి దొరికిందనుకున్నాను. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాను. "అయితే అమ్మ మాదిరే పలుకు. ఇప్పుడే నాతో వచ్చి తల ఊపు. పిల్లను ఆసుపత్రికి తీసకపొమ్మని సెప్పు. ఎవురికీ తెలీదు."

"నన్ను నాటకమాడమంటాండావా?"

"రోజూ ఆడేదే కదా!"

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఒడిలోని పత్తిని కింద పరిచిన గుడ్డ మీద గుమ్మరించి, నా ఎదురుగా నిలబడింది.

"చూడవ్వా. పూనకం వచ్చినప్పుడు నేనేం చెప్తానో నాకే తెలీదు. లేచినాక జనం చెప్తే ఇంటాను. నువ్వు నమ్మొద్దు, నాకేం నష్టం లేదు. కానీ నాతో అబద్దం పలికీయొద్దు. ఒక్కసారి పలికినానంటే, రేపు మళ్ళా వచ్చినప్పుడు అది అమ్మనో నేనో తెలీకుండా పోతాది. ఇంక ఆ పొద్దు నుంచి నాకేముంటాది?"

దొంగను పట్టుకుందామని ఆదోని నుంచి వచ్చినదాన్ని, ఆ చేనులో నిలబడి, ఈమె దొంగ అయితే ఎంత బాగుండు అనుకున్నాను. దొంగ అయితే బెదిరించవచ్చు, బతిమాలవచ్చు, రవిక గుడ్డ పెట్టి కొనుక్కోవచ్చు. తాను చెప్పేది తానే నమ్మే మనిషిని ఏం చేయాలి? పొద్దు పైకి వస్తోంది. అక్కడ పిల్ల మొహం ఉబ్బిపోతోంది. గట్టు మీద కూర్చున్నాను. ఆమెను దెప్పకుండా మాట్లాడింది అప్పుడే.

"సరే సుంకమ్మా. నాకు తెలీదు. ఈ కట్టు ఎట్ల పని చేస్తాదో నువ్వే సెప్పు, ఇంటాను."

ఆమె కూడా కూర్చుంది. దారంలో ఏమీ లేదంది. కట్టిన చెయ్యే కాపలా అంది. ఆ చెయ్యి ఊళ్ళో ఉంటుంది కాబట్టి కాపలా పొలిమేర దాకానే ఉంటుందంది. ఆ మాటను నేను పట్టుకున్నాను. "చెయ్యే కాపలా అయితే, చెయ్యి ఊరు దాటితే?"

ఆమె పొలిమేర వైపు చూసింది. తర్వాత, "చెయ్యి విడవకుండా పట్టుకుంటే, చెయ్యి యాడికి పోతే పొలిమేర ఆడికి పోతాది," అంది.

"ఇది ఉండే మాటనా, ఇప్పుడే పుట్టిచ్చినావా?"

"మా అత్త చేసింది. కడుపుతో ఉండే ఒకామెను కోడుమూరు దాంక చెయ్యి పట్టుకోనే తీసకపాయ. నేను కండ్లారా చూసినాను."

కళ్ళలోకి చూశాను. ఏమీ పట్టుకోలేకపోయాను. నిజమో, నా కోసం అల్లిందో ఈ రోజుకూ తెలియదు. "పద మరి," అన్నాను. పత్తి మూట పక్కామెకు అప్పజెప్పి లేచింది.

ఇంటికి వచ్చి సుంకమ్మ సావిత్రి కట్టున్న చెయ్యి పట్టుకొని, "లేమ్మా, నేనుండాను," అంది. అంతే. పొద్దున్నుంచి నేను గొంతు చించుకున్నా లేవని పిల్ల లేచి నిలబడింది. నేను ఫోను చేస్తే ఖాజా వచ్చి పొలిమేర అవతలే ఆగాడు. ఊళ్ళోకి రమ్మంటే, "వద్దు అవ్వా, ఆ అమ్మ నడిచి దాటితేనే మంచిది, రేపు ఎవురూ ఏమీ అనరు," అన్నాడు. పొలిమేర రాయి దగ్గర నాగమ్మ ఆగిపోయింది. కోడలి కాళ్ళ వంకే చూస్తూ కొంగు నోట్లో కుక్కుకుంది. సుంకమ్మ ఆగలేదు. ఇద్దరూ దాటారు. నాగమ్మ రాయిని ముట్టి మొక్కి, పరుగున వచ్చి ఆటోలో నా పక్కన ఇరుక్కుంది.

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో నర్సు బీపీ చూడటానికి వచ్చి, "చెయ్యి వదులమ్మా," అంది. "వదల్ను, ఆ పక్క చేతికి చూడు," అంది సుంకమ్మ. నర్సు ఆ పక్క చేతికే చూసింది. ఒకసారి చూసి, మళ్ళీ చూసి, పరుగెత్తుకుంటూ పోయి డాక్టరమ్మను పిలిచింది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగితే ఇట్లా వాపు వస్తుందనీ, కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తాయనీ, తర్వాత ఫిట్స్ వస్తాయనీ ఆ డాక్టరమ్మ చెప్పింది. "ఈ రాత్రి దాటి ఉంటే నేనేం చెప్పలేను," అంది. సూది వేసి, 108లో ఆదోని పెద్దాసుపత్రికి పంపించారు. దానికి పైసా తీసుకోరు. దారి పొడవునా సుంకమ్మ బండిలో కింద కూర్చొని కట్టున్న చెయ్యి పట్టుకొనే ఉంది. నీళ్ళు తాగమని నేను సీసా ఇస్తే, ఎడమ చేత్తో తాగింది.

ఆదోనిలో సాయంత్రానికి ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలన్నారు. థియేటర్ తలుపు దగ్గర ఎవరూ లోపలికి రాకూడదన్నారు. అక్కడ అందరం ఆగిపోయాము. నాగమ్మ తలుపుకు అడ్డం నిలబడి, "చెయ్యి వదిలితే నా కోడలు పోతాది, మా లక్ష్మి మాదిరే పోతాది," అని ఏడ్చింది. నర్సు తొందరపెడుతోంది. నేను సుంకమ్మ వంక చూశాను. ఆమె మొహంలో రంగు లేదు. ఆమె ఆ నర్సమ్మను పిలిచింది. సావిత్రి చెయ్యి తీసి నర్సు చేతిలో పెట్టింది. రెండు చేతులనూ తన రెండు చేతులతో మూసి, "ఇప్పుడు నా చెయ్యి ఈమె చెయ్యి," అంది. ఆ నర్సు ఎవరి బిడ్డో, చల్లగా ఉండాలి, నవ్వలేదు, కసరలేదు. "సరేనమ్మా, నేను పట్టుకుంటాను," అని, దారం మీద ప్లాస్టర్ అతికించి లోపలికి తీసుకుపోయింది.

బయట బెంచీ మీద సుంకమ్మ పక్కన కూర్చున్నాను. నా బుద్ధి ఊరుకోలేదు. అడిగేశాను.

"ఇది కూడా మీ అత్త చేసిందేనా?"

ఆమె తన అరచేతులు చూసుకుంటూ, "లే," అంది. "ఇది నేను చేసినాను."

ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. చాలా రోజులు వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఇప్పుడు తల్లీ పిల్లా ఇంట్లో ఉన్నారు, పిల్ల నా కంటే గట్టిగా అరుస్తోంది. ఊరు మాత్రం కట్టే బతికించిందని తేల్చేసింది. నాగమ్మ కూడా అదే చెప్తుంది. నేను సూది, డాక్టరమ్మ, బీపీ అంటే, "అవి కూడా ఉండాయిలే," అంటుంది, వంటలో కొత్తిమీర వేసినట్టు. నేనిప్పటికీ నమ్మను. గాలి లేదు, దారంలో కాపలా లేదు. కానీ ఎంత అరిచినా లేవని పిల్లను లేపింది ఎవరు అంటే, సుంకమ్మే. అబద్ధం ఆడమంటే ఆడనన్న మనిషి, ఆ పిల్ల కోసం తన నమ్మకంలో ఎవరూ నడవని చోట ఒక్కతే అడుగు వేసింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టి ఉండదు. నమ్మకం లెక్కలో నాకు పోయేదేమీ లేదు, ఆమెకు ఉంది. ఇది బయటికి ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపించాము. "కట్టు పని చేయలేదని రాయొద్దు, నువ్వు నమ్మలేదని రాయి," అంది. రాయించాను. "కడుపుతో ఉన్నోళ్ళు ముందు బీపీ చూపిచ్చుకోని రాండని నేను చెప్తాండా. నా మాట ఇనరు, కట్టు కట్టమంటారు. అది కూడా రాయి," అంది. అదీ రాయించాను.

కాబట్టి ఆ దారి పట్టేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. కడుపుతో ఉన్న పిల్లకు తలనొప్పి పట్టుకొని వదలకపోయినా, మొహం చేతులు ఉబ్బినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా, బస్సు కోసం కూడా ఆగవద్దు. మీ ఊళ్ళోనే ఆశా కార్యకర్తను పిలిచి బీపీ చూపించి, 108కు ఫోను చేయండి. ఇంట్లోవాళ్ళు కదలనంటే, వాళ్ళు ఎవరి మాట వింటారో ఆ మనిషిని కూడా బండిలో ఎక్కించుకోండి.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. రసూల్‌బీ రెండుసార్లు చదివి వినిపిస్తే విని, ఒప్పుకొని ముద్ర వేశాను.

ఉరుకుందమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: రసూల్‌బీ, రాసిన మనిషి, సంతకం. ఖాజా, ఆటో, సంతకం. సుంకమ్మ, చెయ్యి పట్టుకున్న మనిషి, వేలిముద్ర. నాగమ్మను కూడా అడిగాము. ఆలోచించి చెప్తానంది.